దంపతులు ఒక్కటి, పౌరసత్వములు రెండు
(గ్రంథాలయ రజతోత్సవ సభ యందలి ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో పురాణప్రసంగమో కావ్యప్రశంసయో విననగునని పలువురు తలంచి యుందురు. కాని బాచుపల్లిలో నేడు పది యిండ్లకు పోయినచో తొమ్మిదింట వినవచ్చు మాట వీసా. ఆ మాటను విడిచి శాస్త్రచర్చ చేయుట, ఇంట పెండ్లి పెట్టుకొని పొరుగూరి పంచాంగము చదివినట్లుండును. ఈ యూరి పరిసరములలో 1995లో విజ్ఞానజ్యోతి వారి కళాశాలయు, 1997లో గోకరాజు రంగరాజు వారి కళాశాలయు వెలసినవి. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైనది. 2016లో ఈ గ్రామము మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో మండల కేంద్రమైనది. 2019లో నిజాంపేట నగరపాలక సంస్థలో చేరినది. పహాణీలలో పొలములుగా వ్రాయబడిన నేలపై నేడు బహుళ అంతస్తుల గృహములు నిలిచినవి. ఆ గృహములలో ఒకే వంటయిల్లు, ఒకే పడకటిల్లు, ఒకే రేషను సంచి కలిగియు, రెండు వేర్వేరు దేశముల పాస్‌పోర్టులు కలిగిన దంపతులు కాపురము చేయుచున్నారు. అట్టివారు విదేశమునకు సంసారము తరలింపవలసి వచ్చినపుడు కలుగు చిక్కులను గూర్చియే నేటి ప్రసంగము.

ధర్మశాస్త్రము దంపతులను ఒక్కటిగా నెంచును. రాజ్యశాసనము వారిని ఇద్దరిగా లెక్కించును. ఈ రెండు లెక్కలకును నడుమనున్న తేడాయే కుటుంబమునకు కష్టకారణము.

ఈ తేడా క్రొత్తది కాదు. శకుంతల కథలో ఉంగరము పోయినదని అందరు నెరుగుదురు. కాని ఆ ఉంగరము కాళిదాసు నాటకములోనిది. వ్యాసభారతమునను, నన్నయభట్టు ఆదిపర్వమునను ఉంగరము లేదు. అందు శకుంతల బిడ్డనుగూడి సభకు వచ్చును. రాజు ఎరిగియుండియు ఎరుగనని పలుకును. లోకము సాక్ష్యము లేని వివాహమును నమ్మదని ఆతని భయము. తుదకు ఆకాశవాణి పలుకగా బిడ్డయు, బిడ్డతోపాటు తల్లియు అంగీకరింపబడిరి. ఈ కథను నేటి కాన్సులేటు కిటికీ ముందు నిలిచిన దంపతులు బాగుగా గ్రహింపగలరు. వివాహము జరిగినంత మాత్రమున చాలదు. జరిగినదని పరాయి రాజ్యము నమ్మవలెను. ఆకాశవాణి ప్రతి యింటికి రాదు గనుక, ఆ పనిని రిజిస్ట్రారు ముద్ర చేయవలసియున్నది.

పూర్వము శాసనములు ఇంతకంటె కఠినముగా నుండెను. అమెరికాలో 1907 నాటి చట్టము ప్రకారము పరదేశీయుని పెండ్లాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వమును కోల్పోయెడిది. 1922లో కేబుల్ చట్టము దీనిని సడలించెను గాని, పౌరసత్వమునకు అర్హత లేని జాతులవారిని పెండ్లాడిన స్త్రీలకు ఆ సడలింపు వర్తింపలేదు. 1923 ఫిబ్రవరి 19వ తేదీన భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యములో ఆ దేశపు సుప్రీముకోర్టు, భారతీయులు చట్టము చెప్పు తెల్లవారు కారు గనుక పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పెను. దానితో భారతీయుని పెండ్లాడిన అమెరికా స్త్రీ తన పుట్టిన గడ్డపైననే పరదేశి యయ్యెను. ఉద్యమకారుడైన తారకనాథ్ దాస్ భార్య మేరీ అట్టి దుస్థితి ననుభవించి, దానిని గూర్చి పత్రికలో వ్రాసినది.

వైష్ణోదాస్ బగాయ్ యను వర్తకుడు 1915లో భార్య కళను, ముగ్గురు కుమారులను వెంటబెట్టుకొని శాన్‌ఫ్రాన్సిస్కో చేరెను. 1921లో పౌరసత్వము పొందెను. థిండ్ తీర్పు తరువాత ప్రభుత్వము దానిని తిరిగి తీసికొనెను. అవమానము భరింపలేక 1928లో ఆతడు ప్రాణత్యాగము చేసెను. కళ పిల్లలను ఆ దేశమందే పెంచినది. 1946 జూలై 2న లూస్ సెల్లర్ చట్టముచే భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరచుకొనిన పిదప ఆమె పౌరురాలైనది. ఆ తలుపు తెరచినను సందు సన్ననిదే. ఏటికి నూరుమంది భారతీయులకు మాత్రమే వలస కనుమతి.

తెలుగువారి యింటి కథ యొకటి ఇచ్చట స్మరణీయము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923 అక్టోబరులో బోస్టను నగరము చేరిరి. శరీరమునకు శక్తినిచ్చు రసాయనముల విషయమునను, ఫోలిక్ ఆమ్లమునందును, ఆరియోమైసిన్ యను ఔషధమునందును వారి కృషి లోకప్రసిద్ధము. ఇంటి వద్ద విడిచిపోయిన భార్యను వారు మరల చూడలేదు. పుట్టిన కుమారుడు పసితనమునందే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖమైన నెరుగడు. 1924 నాటి అమెరికా చట్టము, పౌరసత్వమునకు అర్హత లేనివారికి వలస ద్వారమును మూసివేసియుండెను. ఆ చట్టమే ఆ యెడబాటునకు ఏకైక కారణమని చెప్పుట న్యాయము కాదు. పరిశోధనా దీక్షయు, దారిద్ర్యమును ఉండెను. కాని వారు 1948 ఆగస్టులో ఆ దేశపు పౌరుడు కాకుండగనే కాలధర్మము నొందిరి. పదునాలుగేండ్లు ఎదురుచూచిన ఊర్మిళను తెలుగు స్త్రీలు పాట కట్టి పాడుకొనిరి. పాతికేండ్లు ఎదురుచూచిన ఆ యిల్లాలి పేరైన ఎందరికి తెలియును?

1965 అక్టోబరు 3న అమెరికాలో వలస చట్టము మారినది. పౌరుని భార్యకును, పౌరురాలి భర్తకును, పెండ్లికాని మైనరు బిడ్డలకును, తల్లిదండ్రులకును సంఖ్యా పరిమితి లేని ప్రవేశమును ఆ చట్టము నిలిపెను. అందుచే నేడు పౌరసత్వము గలవారి జీవిత భాగస్వామికి వరుస లేదు. వరుస లేనంతమాత్రమున ఆలస్యము లేదని యర్థము కాదు. అర్జీ మొదలు వీసా వరకు నెలలకు నెలలు గడచును. కొందరికి సంవత్సరము దాటును.

ఇప్పుడొక కుటుంబమును మనస్సున నుంచుకొనుడు. ఇది ఏ యొక్క ఇంటి కథయు కాదు. పలు ఇండ్లలో కనబడు స్థితిని చూపుటకు చేసిన దృష్టాంతము. తండ్రి కంప్యూటరు ఉద్యోగములో నున్నపుడు అమెరికాలో పుట్టిన బాలిక, నాలుగేండ్ల ప్రాయమున తల్లిదండ్రులతో హైదరాబాదు తిరిగివచ్చినది. ఇచ్చటనే చదివి, ఇచ్చటనే ఉద్యోగము చేసి, ఇచ్చటి యువకుని పెండ్లాడినది. జన్మచే ఆమె అమెరికా పౌరురాలు. భర్త భారతీయుడు. బాచుపల్లి ఆసుపత్రిలో బిడ్డ పుట్టినది. ఇప్పుడు ముగ్గురును అమెరికా పోవలెనని సంకల్పము. ఇంటిలో నొకరు పౌరురాలు గనుక పని సులభమని బంధువులందురు. లెక్క విప్పి చూచినచో విషయము వేరు.

మొదటి చిక్కు బిడ్డది. తల్లి పౌరురాలైనంత మాత్రమున విదేశములో పుట్టిన బిడ్డ పౌరుడు కాడు. తండ్రి పరదేశీయుడైనచో, బిడ్డ పుట్టకమునుపు తల్లి ఐదేండ్లు అమెరికాలో నివసించి యుండవలెను. అందు రెండేండ్లు పదునాలుగేండ్ల వయస్సు దాటిన తరువాత నుండవలెను. నాలుగేండ్లకే తిరిగివచ్చిన తల్లికి ఈ లెక్క సరిపోదు. కావున భర్తకొక అర్జీ, బిడ్డకు వేరొక అర్జీ పెట్టవలెను. భర్త అర్జీలోనే బిడ్డ చేరిపోవునని తలంచి మోసపోయినవారు కలరు. అయితే 2000 సంవత్సరపు బాలల పౌరసత్వ చట్టము ఒక మేలు చేసినది. పదునెనిమిదేండ్లు నిండని ఆ బిడ్డ వలస వీసాతో ఆ దేశమున కాలు మోపి, పౌరురాలైన తల్లి సంరక్షణలో నివసించినచో, నాటినుండియే పౌరుడగును. విమానము దిగునప్పటికి ఒకే యింటివారు ముగ్గురిలో ఇద్దరు పౌరులు, ఒకడు పరదేశి. శకుంతల కథ తలక్రిందులైనది. బిడ్డయు తల్లియు లోపల, తండ్రి గుమ్మము కడ.

రెండవ చిక్కు ధనమునకు సంబంధించినది. వచ్చువాడు ప్రభుత్వమునకు భారము కాడని పౌరురాలు పూచీపత్రము వ్రాయవలెను. కుటుంబ సంఖ్యను బట్టి అచ్చటి ప్రభుత్వము నిర్ణయించు దారిద్ర్యరేఖకు నూటికి 125 వంతుల ఆదాయము చూపవలెను. సైబరాబాదులో లక్షలు గడించుచున్నను, వదలిపెట్టి పోవు ఉద్యోగపు జీతము ఈ లెక్కకు రాదు. ఆ దేశమునకు పోయిన తరువాతను అదే ఆధారమునుండి సాగు ఆదాయమే లెక్కకు వచ్చును. తక్కువైనచో ఆస్తిని చూపవచ్చును. పౌరుల భార్యాభర్తల విషయమున తక్కువైన మొత్తమునకు మూడింతల ఆస్తి కావలెను. పదివేల డాలర్లు తక్కువైనచో ముప్పదివేల డాలర్లకు మారగల ఆస్తి యన్నమాట.

అదియు లేనిచో అచ్చట స్థిరపడిన వేరొకరు సహపూచీదారుగా సంతకము చేయవలెను. ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. మేనమామయో పినతండ్రి కొడుకో మొగమాటమున చేయు ఈ సంతకము వట్టి సిఫారసు కాదు. న్యాయస్థానములో నిలుచు ఋణపత్రము. వచ్చినవాడు పౌరుడగు వరకో, నలుబది త్రైమాసికముల పని లెక్క పూర్తియగు వరకో, ఆ దేశమును శాశ్వతముగా విడుచు వరకో, మరణించు వరకో అది కట్టుబడియుండును. దంపతులు విడాకులు పొందినను పూచీ పోదు. సంతకము కోరువారు ఈ సంగతి చెప్పి కోరుట మర్యాద; చెప్పకుండ కోరుట బంధుద్రోహము.

మూడవది నివాసపు చిక్కు. పూచీదారు అమెరికాలో నివాసము కలవారై యుండవలెను. లేదా భర్తతో గూడ తిరిగి పోయి అచ్చట కాపురముండు ఉద్దేశమును రుజువు చేయవలెను. ఇల్లు అద్దెకు తీసికొన్న ఒప్పందము, ఉద్యోగపు పత్రము, బ్యాంకు ఖాతా, బిడ్డ బడి ఏర్పాటు మొదలగునవి సాక్ష్యములగును. ఆ దేశపు పౌరులు ఏ దేశమున నివసించినను, ఆదాయము నియమిత పరిమితి దాటినచో అచ్చటి ఆదాయపు పన్ను దాఖలా చేయవలసియుండును. ఇరువదేండ్లుగా హైదరాబాదులోనున్న ఆడబిడ్డకు ఈ సంగతి ఎవరును చెప్పియుండరు. అర్జీ వేళ ఈ బాకీ బయటపడి పని నిలిచిపోవును.

ఈ నివాస నిబంధన చాల కాపురములను నెలల తరబడి విడదీయుచున్నది. పౌరురాలు ముందు పోయి ఉద్యోగము చూచుకొనుట, భర్త బిడ్డతో ఇక్కడ నిలుచుట, లేక బిడ్డ తాతమ్మల వద్ద నుండుట జరుగుచున్నది. ఎవరు ముందు పోవలెను, బిడ్డ ఎవరికడ నుండవలెను అను ప్రశ్న అర్జీ వ్రాయకముందే ఇంటిలో తేల్చుకొనవలెను. అది గుమాస్తా తేల్చు ప్రశ్న కాదు.

నాలుగవ చిక్కు తెలుగువారికే ప్రత్యేకమైనది, అది పేరు. తెలుగువారికి ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. పాఠశాల పత్రములో ఇంటిపేరు ఒక్క అక్షరముగా నుండును. ఆధారులో పూర్తిగా నుండును. పాస్‌పోర్టులో ఒక గడి ఖాళీగా నుండును. ఇంటిపేరు గడి ఖాళీగా నున్నచో పెట్టినపేరే ఇంటిపేరై, అసలు పేరున్న చోట పేరు తెలియదని అర్థమిచ్చు మూడక్షరములు వీసాపై అచ్చగును. తల్లిదండ్రులు బారసాలనాడు బియ్యములో వ్రాసిన పేరు గలవాడు పరదేశమున పేరులేనివాడగును. పాస్‌పోర్టు, వివాహపత్రము, జననపత్రము ఈ మూడింటిలో పేరు ఒక్క తీరున నుండునట్లు ముందుగనే దిద్దించుకొనుట మేలు. 2002 నాటి చట్టముచే ఈ రాష్ట్రమున ప్రతి వివాహమును నమోదు చేయించుట విధి. పెండ్లిపందిరిలో వీడియోవారికి ఇచ్చు శ్రద్ధలో పదియవ వంతు రిజిస్ట్రారు కచేరికి ఇచ్చినను చాలును.

అర్జీ పౌరసత్వ, వలస సేవల శాఖలో ఆమోదము పొంది, జాతీయ వీసా కేంద్రమునకు పోయి, పత్రములు సరిచూడబడి, తుదకు ముంబయి కాన్సులేటులో ఇంటర్వ్యూ జరుగును. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో పైగా ప్యాలెస్‌లో వెలసి, 2023 మార్చిలో నానక్‌రాంగూడకు మారినది. అది విద్యార్థులకును, ఉద్యోగులకును, సందర్శకులకును వీసాలిచ్చు చోటు. కాపురము తరలించువారి ప్రయాణము ముంబయికి. ఈ యాలస్యమునకు ఓర్వలేక సందర్శక వీసాతో పోయి అచ్చట నిలిచిపొమ్మని సలహా యిచ్చు దళారులు కలరు. చూచి వచ్చెదనని చెప్పి నిలుచుటకు పోవుట అబద్ధమాడుట యగును. ఆ అబద్ధము పట్టుబడినచో భార్యాభర్తల బంధమే సాక్ష్యమై వారిపై నిలుచును. చిలుకూరు బాలాజీకి పదునొకండు ప్రదక్షిణములు చేసి మ్రొక్కుకొని, పని నెరవేరిన పిదప నూటయెనిమిది చేయు భక్తులు ఎందరో కలరు. దైవబలము కోరుట మంచిదే. దరఖాస్తులో సత్యము వ్రాయుట అంతకంటె ముందు చేయవలసిన ప్రదక్షిణము.

చేరిన తరువాతి కథ మరింత జాగ్రత్తగా వినదగినది. పెండ్లియై రెండేండ్లు నిండకముందే ప్రవేశించిన భాగస్వామికి షరతులతో కూడిన రెండేండ్ల నివాసము మాత్రమే లభించును. 1986 నాటి చట్టము దీనిని పెట్టినది. గడువు తీరుటకు ముందు తొంబది దినములలో భార్యాభర్తలు ఇద్దరును కలిసి అర్జీ పెట్టి షరతు తొలగించుకొనవలెను. కలిసి సంతకము చేయవలెనన్న నియమము కొన్ని యిండ్లలో కత్తిగా మారినది. కొత్తగా వచ్చిన భార్యను కొట్టి, సంతకము చేయనని బెదరించు భర్తలు ఉన్నారు. అట్టి ఆడబిడ్డ ఎరుగవలసిన సంగతి యొకటి కలదు. క్రూరత్వమునకు గురియైనవారు భర్త సంతకము లేకయే షరతు తొలగింపు కోరవచ్చును. 1994 నాటి చట్టముచే, హింసకు గురియైన భార్యగాని భర్తగాని స్వయముగ అర్జీ పెట్టుకొనవచ్చును. కాగితము భర్త చేతిలో నున్నది గనుక ప్రాణము కూడ ఆతని చేతిలోనే యున్నదని తలంపరాదు. కట్నమునకును కానుకలకును లెక్కలు వ్రాయు తల్లిదండ్రులు ఈ రెండు సంగతులను ఒక కాగితముపై వ్రాసి కూతురి పెట్టెలో పెట్టుట మంచిది.

పౌరసత్వము లేని ఉద్యోగిని వెంట పోవు భార్యల స్థితి మరొక విధము. వారికి చిరకాలము పనిచేయు హక్కే లేకుండెను. 2015 మే 26 నుండి, భర్తకు గ్రీన్ కార్డు దారిలో కొంత ఆమోదము లభించినవారికి ఉద్యోగానుమతి నిచ్చు నియమము అమలులోనికి వచ్చినది. ఇచ్చట కళాశాలలో బోధించిన విద్యావతి అచ్చట ఏండ్లకొలది వంటయింటికి పరిమితమగుట సంపాదనలో నష్టము మాత్రమే కాదు; మనస్సులో కలుగు లోటు ఏ పద్దులోను కనబడదు.

అమెరికాయే కాదు. ఇంగ్లాండులో స్థిరపడిన ముగ్గురు స్త్రీల భర్తలకు ప్రవేశము నిరాకరింపగా, 1985 మే 28న యూరోపియను మానవ హక్కుల న్యాయస్థానము అది స్త్రీలపట్ల వివక్షమని తీర్పు చెప్పినది. ప్రభుత్వము సమానత్వము పాటించినది. ఎట్లనగా, భర్తలకున్న కష్టమును భార్యలకును కల్పించినది. అదే దేశమున భాగస్వామిని పిలిపించుకొనుటకు చూపవలసిన ఏటి ఆదాయమును 2024 ఏప్రిలులో 18,600 పౌన్ల నుండి 29,000 పౌన్లకు పెంచిరి. కావున దేశమును బట్టి, కాలమును బట్టి నియమము మారును. నిన్న పొరుగువాడు చేసిన పని నేడు చెల్లకపోవచ్చును.

ఇక జమాఖర్చులో రెండవ వైపు చూడవలెను. భారతదేశము ద్వంద్వ పౌరసత్వము నంగీకరింపదు. 1955 నాటి పౌరసత్వ చట్టము ప్రకారము, ఇచ్ఛాపూర్వకముగా పరదేశ పౌరసత్వము స్వీకరించినవాడు ఆ క్షణమే భారతీయుడు కాకుండ పోవును. పౌరుని భాగస్వామికి గ్రీన్ కార్డు వచ్చిన మూడేండ్లకే పౌరసత్వమునకు దరఖాస్తు చేయు వీలు కలదు గనుక, ఈ ప్రశ్న త్వరగనే గుమ్మము తొక్కును. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసి భారతీయ దివస్ సభలో ప్రారంభమైన విదేశీ భారతీయ పౌరుల కార్డు కొంత ఊరట. దానితో రావచ్చును, ఉండవచ్చును, ఉద్యోగము చేయవచ్చును. ఓటు లేదు. వ్యవసాయ భూమి కొనుటకు వీలు లేదు. తాతతండ్రుల పొలము వారసత్వమున రావచ్చును గాని, దానిని అమ్మదలచినచో ఇచ్చట నివసించు భారతీయ పౌరునికే అమ్మవలెను. నాగలి పట్టిన వంశములో ఒక యెకరమైన కొనలేనివాడగుట చిన్న మార్పు కాదు. సంతకమునకు ముందు తండ్రియు కొడుకును కూర్చుండి మాటలాడుకొనవలసిన మాట ఇది.

తల్లిదండ్రుల సంగతియు అట్టిదే. గ్రీన్ కార్డు కలవాడు వ్యాధిగ్రస్తుడైన తండ్రి కొరకు వచ్చి సంవత్సరమునకు మించి నిలిచినచో, ముందుగా పునఃప్రవేశ పత్రము తీసికొననిచో, తిరిగి పోవు హక్కునకు ముప్పు వాటిల్లును. పౌరురాలైన భార్యకు ఆ భయము లేదు. కావున ఒకే యింటిలో ఒకరు ఎంతకాలమైనను ఉండవచ్చును, వేరొకరు దినములు లెక్కపెట్టుకొనవలెను. అత్తమామల సేవకు కోడలు నిలిచి, కన్నకొడుకు విమానమెక్కవలసి వచ్చును.

ఇంతయు వినిన పిదప పోవలదని చెప్పుట ఈ ప్రసంగము ఉద్దేశము కాదు. సీతాదేవి అరణ్యమునకు వత్తునని వాదించి గెలిచినది. కలిసి పోవుటయే కాపురమునకు బలము. అయితే ఆమెతో రాముడు అడవి కష్టములన్నియు ముందుగా చెప్పెను. చెప్పక తీసికొనిపోలేదు. ఈ పద్ధతియే నేటికిని శ్రేయస్కరము. ఇంటిలో పౌరసత్వము గలవారు బలవంతులు, లేనివారు బలహీనులు. బలవంతులు తమ పత్రముల నకళ్లను, బ్యాంకు లెక్కలను, గడువు తేదీలను బలహీనుల చేతిలో పెట్టవలెను. ఇద్దరికిని తెలిసిన లెక్కయే సరియైన లెక్క. ఒక్కరికే తెలిసినది రహస్యము. దాంపత్యములో రహస్యము అప్పు వంటిది, వడ్డీతో తీర్చవలసి వచ్చును.

గ్రంథాలయము ఈ విషయమున చేయగల సేవ పెద్దది. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము చదువురానివారికి చదివి వినిపించుటయు తన పనిగా నెంచినది. నేడు చదివి వినిపింపవలసినవి కాన్సులేటు ప్రశ్నావళులు. వారమున కొకనాడు ఒక బల్లపై వలస శాఖల అధికారిక సూచనలను, పౌరసత్వ చట్టము ప్రతిని, వివాహ నమోదు పత్రమును ఉంచి, చదివి చెప్పగల యువకుని ఒకనిని కూర్చుండబెట్టినచో, దళారికి పోవు సొమ్ము ఇంట మిగులును; అంతకంటె ముఖ్యముగ ఏ ఆడబిడ్డయు తెలియక సంతకము చేయదు, ఏ వృద్ధుడును తెలియక పొలము అమ్మడు.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ విజ్ఞానమందిరము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి, పరదేశములనుండి తిరిగివచ్చిన ఈ యూరి బిడ్డలు ఏ పాస్‌పోర్టు కలవారైనను, తమ పిల్లల చేయి పట్టుకొని ఈ మెట్లెక్కి, ఈ తెలుగు పుస్తకములు విప్పి చదువుదురుగాక. స్వస్తి.